అమ్మ మునగాల్సిన నీళ్లు

సైనిక్‌పురి, సికింద్రాబాదు
జూలై 1999

వదినకు డోరా వందనాలు.

నీ ఉత్తరం అందింది. అన్నయ్య బీపీ గురించి ఒక పేరా, మీ హెడ్మిస్ట్రెస్ గురించి రెండు పేజీలు, అమ్మ గురించి ఒక్క ముక్క: "అత్తయ్య బాగున్నారు." మీ బడి పిల్లలు ఇలా జవాబు రాస్తే మార్కులు వేస్తావా? ఎలా నడుస్తోంది, ఏం తింటోంది, నన్నేమైనా తిట్టిందా, ఇవన్నీ రాయాలి.

నా సంగతులు చెబుతాను. తొట్టికి ఓజోన్ మిషన్ పెట్టించాను. నువ్వు నా తొట్టి చూడలేదు కాబట్టి మొదటి నుంచీ చెప్పాలి. అద్దెకు తీసుకున్న ఈ ఇంటి ముందుగదిలో నలుగురు కూర్చోగలిగే ఫైబర్ తొట్టి ఉంది. హీటరు నీళ్లను వేడిగా ఉంచుతుంది, మోటారు వాటిని తిప్పుతుంది. కీళ్లనొప్పులవాళ్లు అందులో కూర్చుని నేను చెప్పినట్టు కాళ్లూ చేతులూ ఆడిస్తారు. పొద్దున ఆడవాళ్లు, సాయంత్రం మగవాళ్లు. ఈ మాట అమ్మకు గట్టిగా చదివి వినిపించు.

ఇంట్లో స్నానంలాగా ఈ నీళ్లను ఏ రోజుకారోజు పారబోయలేం. అవే నీళ్లను శుభ్రం చేసుకుంటూ వాడాలి. వేడినీళ్లంటే సూక్ష్మజీవులకు పెళ్లిభోజనం. అందుకని ఇన్నాళ్లూ క్లోరిన్ దండిగా వేసేదాన్ని. చిలకలగూడ నుంచి వచ్చే విమలమ్మ గారు ఒకరోజు అననే అన్నారు: "డోరమ్మా, నీ తొట్ల కూసుంటే మోకాళ్లు మంచిగైతున్నయ్ గని కండ్లు మండుతున్నయ్. ఇంటికి వోతే మా కోడలు, ఏందత్తమ్మా, బాత్రూములు కడిగొచ్చినవా అంటున్నది." ఆవిడ నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఆ రోజంతా అన్నం సయించలేదు.

ఇప్పుడు గోడకు చిన్న పెట్టె బిగించారు. అది గాలిని పీల్చి, కరెంటుతో ఓజోన్‌గా మార్చి, సన్న గొట్టంలోంచి నీళ్లలోకి బుడగలుగా వదులుతుంది. ఆ బుడగ తగిలిన క్రిమి చస్తుంది. మూత తీయగానే జిరాక్స్ షాపులో వచ్చే వాసన కొద్దిగా వస్తుంది, అంతే. పెట్టె అమ్మిన ధర్మరాజు గారు మాత్రం ఒక హెచ్చరిక చేసి వెళ్లారు. "మేడమ్, ఇది క్లోరిన్‌కి తోడు, అంతేగానీ దాని బదులు కాదు. ఓజోన్ పని చేసి వెళ్లిపోద్ది, నీళ్లలో కాపలా ఉండదు. చిటికెడు క్లోరిన్ ఎప్పుడూ ఉండాలి" అన్నారు. అలాగే వేస్తున్నాను. తొట్టి అడుగున విమలమ్మ గారి పిన్నీసు పడితే పైనుంచే కనిపించింది. తొట్టి కడిగే పనివాడు పర్వతాలు అయితే, "అమ్మా, గీ నీళ్లు సూస్తుంటే తాగబుద్ధైతున్నది" అన్నాడు. తాగొద్దని చెప్పాను.

వదినా, అమ్మను ఒక్కసారి పంపు. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేసి ఈ తొట్టి పెట్టుకున్నప్పటి నుంచి అమ్మ నా గడప తొక్కలేదు. "పదిమంది మునిగే తొట్టి దగ్గర నాకేం పని" అంటుందట. ఊళ్లోవాళ్ల మోకాళ్లన్నీ చూస్తున్నాను, మా అమ్మ మోకాళ్లు నేను చూడకూడదా? ఇది రాస్తూ రాస్తూ లేచి వెళ్లి నీళ్లు చూసి వచ్చాను. కుదురు లేదు నాకు.

నీ ఆడపడుచు
డోరా


బాపట్ల
ఆగస్టు 1999

చిరంజీవి డోరాకు కాంతమణి దీవెనలు.

మార్కులు నువ్వే వేసుకో. ఇంట్లో ముసలావిడకు వండి, బడిలో అరవైమందికి లెక్కలు చెప్పి, రాత్రి నీకు ఉత్తరం రాసేదాన్ని, నాకు అంతకంటే ఒళ్లు వంగదు.

నీ ఉత్తరం అత్తయ్యకు చదివి వినిపించాను. పొద్దున ఆడవాళ్లు, సాయంత్రం మగవాళ్లు అన్న మాట రెండుసార్లు చదివాను. పిన్నీసు దగ్గర నవ్వారు. అంతే అనుకున్నాను. మర్నాడు ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక అడిగారు: "ఆ తొట్టిలో మనిషి పూర్తిగా మునగొచ్చా, కాంతమణీ?"

సంగతేమిటంటే, అత్తయ్యకు ముంచే బాప్తిస్మం తీసుకోవాలని ఉంది. పొత్తిళ్లలో ఉండగా మిషన్ దొరగారు తల మీద నీళ్లు చిలకరించారట. "అది మా నాన్న ఇష్టం. పెళ్లి మా మామ ఇష్టం. ఇదొక్కటైనా నా ఇష్టంతో చేసుకుంటా" అంటున్నారు. మీ అన్నయ్య రెండు రోజులు ముఖం ముడుచుకుని తిరిగి ఊరుకున్నారు. నాకైతే అభ్యంతరం లేదు. ఇక్కడ కాలవలో ఇస్తారు. ఆ గట్టు దిగడం ఆవిడ వల్ల కాదు, చన్నీళ్లు అసలే పడవు.

నీ తొట్టయితే వస్తానన్నారు. ఒక్కటే షరతు. నీళ్లలో మందు ఉండకూడదట. "బాత్రూము కడిగే మందు కలిపిన నీళ్లలో దేవుడి పేరు చెప్పి మునుగుతానా" అన్నారు. ఓజోన్ గాలే కదా, అది ఉన్నా ఫరవాలేదట. ఏమంటావు?

నడక కాస్త తగ్గింది. వయసు కదా.

కాంతమణి


సైనిక్‌పురి
సెప్టెంబరు 1999

వదినా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను, తర్వాత పర్వతాలుకు టీ పెట్టి ఇచ్చాను. అతను భయపడ్డాడు. "ఏమైందమ్మా, గిట్ల టీ ఇస్తున్నవు" అన్నాడు.

అమ్మ వస్తానంది. నా ఇంటికి. దేనికోసమైతేనేం. కాప్రాలో ఏసురత్నం పాస్టరు గారిని కలిశాను. వాళ్ల సంఘంలో సిమెంటు తొట్టిలో ఇస్తారు, చలికాలం పెద్దవాళ్లు వణికిపోతారట. మా తొట్టి చూసి చాలా సంతోషించారు. క్రిస్మస్ ముందు శనివారం ఖాయం చేశాం. అమ్మను అన్నయ్య వెంట వారం ముందే పంపించు.

క్లోరిన్ ఈ రోజు నుంచే మానేశాను. అమ్మ వచ్చేనాటికి తొట్టికి ఆ వాసన పూర్తిగా వదలాలి. అమ్మ ముక్కు సంగతి నీకు తెలుసు, పక్కింట్లో చేప కొంటే ఏ చేపో చెప్పేస్తుంది. ఓజోన్ పెట్టెను ఎక్కువసేపు తిప్పుతున్నాను. నీళ్లు తళతళలాడుతున్నాయి. విమలమ్మ గారు కూడా, "ఇప్పుడు మంచిగున్నది, ఏం వాసన లేదు" అన్నారు. అందరికీ నచ్చినప్పుడు నష్టమేముంది?

అమ్మకు తెల్లచీర నేను కొంటాను. నువ్వు కొనవద్దు. ఇది ముందే చెబుతున్నాను.

డోరా


బాపట్ల
అక్టోబరు 1999

డోరాకు,

చీర నువ్వే కొను. నేను ఇరవై ఏళ్లుగా కొంటూనే ఉన్నాను, ఒకటి తగ్గితే లోటు లేదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. చిటికెడు క్లోరిన్ ఎప్పుడూ ఉండాలని ఆ ధర్మరాజు గారు చెప్పినట్టు నువ్వే రాశావు. ఓజోన్ నీళ్లలో నిలవదని కూడా రాశావు. మరి ఒకరు దిగి, ఇంకొకరు దిగేలోపు ఆ నీళ్లను కాసేదెవరు? నేను లెక్కల టీచరును, సైన్సు తెలియదు. తెలియకే అడుగుతున్నాను.

అన్నట్టు, మా బడిలో ఒక టీచరమ్మ అడిగింది. ఆవిడకు షుగరు ఉంది. అరికాలికి చెప్పు కరిచిన చిన్న పుండు ఉందట, మానడం లేదట. అలాంటివాళ్లు నీ తొట్టిలో దిగవచ్చా? ఊరికే తెలుసుకుందామని అడిగింది, వెంటనే రాయి.

కాంతమణి


సైనిక్‌పురి
నవంబరు 1999

వదినా,

మీ టీచరమ్మను దిగవద్దని చెప్పు. షుగరున్న కాలికి నొప్పీ తెలియదు, వేడీ తెలియదు. ముందు డాక్టరుకు చూపించుకోమను. పుండు పూర్తిగా మానిన తర్వాతే నీళ్ల మాట.

నీ మొదటి ప్రశ్నకు జవాబు: నీళ్లు నా పని, లెక్కలు నీ పని. కోపం కాదు ఇది. కోపమే అనుకో. అమ్మ రావడం నీకు ఇష్టం లేదేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఇక్కడ అందరూ బాగానే ఉన్నారు. విమలమ్మ గారు రావడం లేదు. నడుం దగ్గర, తొడల మీద ఎర్రటి పొక్కులు లేచాయట, వేడి చేసి ఉంటుంది. సాయంత్రం వచ్చే జోగారావు గారికి కూడా లేచాయన్నారు. వేడికి అలా వస్తాయి కదా? మనవాళ్ల అలవాటు ఒకటి నా ప్రాణానికి వచ్చింది. వేడినీళ్లు అనగానే ఇంటి దగ్గరే ఒళ్లంతా నువ్వులనూనె మర్దనా చేసుకుని వస్తున్నారు. నూనె రాసుకుని రావద్దు, ముందు సబ్బుతో ఒళ్లు కడుక్కుని దిగండి అని బోర్డు పెట్టాను. "నూనె లేకుండ ఉడుకునీళ్ల తానమేందమ్మా" అంటారు. తొట్టి అంచు చుట్టూ జిడ్డు గీత పడుతోంది. పర్వతాలు తుడుస్తాడు, మళ్లీ పడుతుంది. ఉన్న ఓజోనంతా ఆ జిడ్డుకే సరిపోతున్నట్టుంది.

నిద్ర పట్టడం లేదు. అమ్మ గదికి కొత్త కర్టెన్లు కుట్టాను, బాగా లేవని విప్పాను, మళ్లీ కుట్టాను. అన్నయ్యకు టికెట్లు దొరికాయా?

డోరా


బాపట్ల
డిసెంబరు 1999

డోరా,

ఈ ఉత్తరం స్పీడ్‌పోస్టులో వేస్తున్నాను. అందగానే నువ్వొక్కదానివే ఉన్నచోట చదువు.

టీచరమ్మ ఎవరూ లేరు. ఆ కాలు అత్తయ్యది.

జూలైలో కొత్త చెప్పు కరిచింది. ఆవిడకు నొప్పి తెలియలేదు. నేను చూసేటప్పటికి అరికాలి కింద రూపాయి బిళ్లంత పుండు. డాక్టరుకు చూపించాను, కట్లు కట్టించాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వస్తోంది. నీకు రాస్తానంటే బైబిలు మీద నా చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించుకున్నారు. "దానికి తెలిస్తే ఆసుపత్రి బుద్ధి చూపించి నన్ను నీళ్లలోకి దిగనివ్వదు" అన్నారు. నేను కూడా, దాచకూడనిది దాస్తున్నానని తెలిసీ, ఒప్పుకున్నాను. దాచడానికి సగం కారణం ఆ ప్రమాణం. మిగతా సగం ఏమిటో కూడా రాస్తాను. నువ్వు నర్సువి. మా అమ్మను ఇలాగేనా చూసుకునేది అని నువ్వు అంటావని భయం.

నీ ఉత్తరంలో పొక్కుల సంగతి చదివినప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు. పిల్లల నోటుపుస్తకాల్లో తప్పులు కూడా కనబడటం లేదు. మొన్న అత్తయ్యను రైలెక్కిస్తుంటే కాళ్లకు మేజోళ్లు తొడుక్కున్నారు, చలి అని చెప్పి. నాకు చెయ్యి ఊపి నవ్వారు.

రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ ఆవిడే ఎత్తారు. "బాగున్నావా కాంతమణీ" అన్న గొంతు వినగానే, నిన్ను పిలవమని అడగలేకపోయాను. అందుకే కాగితం మీద మాట తప్పుతున్నాను.

ఆ మేజోడు విప్పి చూడు. శనివారం లోపు చూడు.

కాంతమణి


సైనిక్‌పురి
డిసెంబరు 1999

వదినా,

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున వచ్చింది. స్నానాలగదిలో తలుపు వేసుకుని చదివాను. బయటికి వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని మేజోడు పట్టుకున్నాను. అమ్మ నా చెయ్యి తోసేసింది. నేను విడవలేదు. ఇద్దరం చిన్నపిల్లల్లా ఆ మేజోడు కోసం లాక్కున్నాం.

పుండు చూశాను. నువ్వు బాగానే కట్టావు, వదినా. ఇంతకంటే శుభ్రంగా నేను కట్టలేను. ఈ మాట ముందు చెబుతున్నాను, ఎందుకంటే తర్వాతవి నా సంగతులు.

ఆ పొక్కులు వేడికి వచ్చినవి కావు. నీకు రాసేటప్పుడే నాకు తెలుసు. వేడినీళ్లలో క్లోరిన్ లేకపోతే ఒక రకం క్రిమి పెరిగి వెంట్రుకల కుదుళ్లలో చేరుతుంది. ఓజోన్ బుడగ తగిలినంతవరకే చంపుతుంది. మోటారు ఆగితే అదీ లేదు. పైగా నూనె. నీళ్లు తళతళలాడుతున్నాయి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్లీ క్లోరిన్ వేస్తే అమ్మ రాదు. అమ్మ వచ్చి, మునిగి, ఒక్క పూట నా ఇంట్లో సంతోషంగా ఉంటే చాలు, ఆ తర్వాత ఎంతైనా వేసుకోవచ్చు అనుకున్నాను. ఆ నీళ్లలో ఆ కాలు పెట్టించేదాన్ని. రేపే పెట్టించేదాన్ని. కాలు తీసేసే దాకా వచ్చేదేమో. ఈ వాక్యం రాయడానికి మూడుసార్లు పెన్ను పెట్టి తీశాను.

అమ్మకు అన్నీ చెప్పాను. పొక్కులు, క్లోరిన్, నీ ఉత్తరం. పాస్టరు గారిని పిలిపించి ఆయన ముందే అడుగున బిరడా లాగేశాను. తొట్టి ఖాళీ అయ్యేదాకా అమ్మ కుర్చీలో కూర్చుని చూసింది. పర్వతాలు మెల్లగా, "పెద్దమ్మా, పరేషాన్ గాకు, నీళ్లే గద, మళ్ల వస్తయ్" అన్నాడు.

అన్నయ్యను ఆసుపత్రికి ఆటో తెమ్మన్నాను. ఆటో ఎక్కబోతూ అమ్మ ఒక్క మాట అంది. అది నీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. ఇక దాచడం నా వల్ల కాదు. "బైబిలు మీద చెయ్యేసి మాట తప్పిన మనిషి ఇంటికి నేనిక పోను" అంది.

విమలమ్మ గారింటికీ జోగారావు గారింటికీ వెళ్లి నిజం చెప్పి వస్తాను. తర్వాత ఎవరు వస్తారో, ఎవరు రారో.

డోరా


బాపట్ల
జనవరి 2000

డోరాకు,

మీ అన్నయ్య వచ్చి అంతా చెప్పారు. కాలు నిలుస్తుందని డాక్టరు అన్నారట. దేవునికి స్తోత్రం.

అత్తయ్య అన్నది న్యాయమే. మాట తప్పాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ తప్పుతాను. అయినా ఆ మాట చదివాక రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. మీ అన్నయ్య హోటలు నుంచి ఇడ్లీ తెచ్చారు.

ఆవిడ శాలువా, కళ్లజోడు, రాత్రిపూట నమిలే సోంపు డబ్బా, బట్టలూ మూట కట్టి పంపుతున్నాను. కూరలో ఉప్పు తగ్గించు, తగ్గించినట్టు చెప్పకు. తెల్లవారుజామున లేచి పాట పాడతారు, ఎవరైనా వంత పాడితేనే రెండో చరణం ఎత్తుకుంటారు. నువ్వు లేవాలి.

నీకు కావలసింది అమ్మ నీ దగ్గర ఉండటం. ఉంది. నేను సంతోషించాలి. ప్రయత్నిస్తున్నాను. ఇల్లు మాత్రం చాలా పెద్దదిగా ఉంది.

కాంతమణి


సైనిక్‌పురి
ఫిబ్రవరి 2000

వదినకు,

పుండు మానింది. కొత్త చర్మం వచ్చింది, డాక్టరు సరేనన్నారు. ముందు ఆ మాట.

నిజం చెప్పాక కొందరు మానేశారు. జోగారావు గారు రానన్నారు, ఆయన్ను తప్పుపట్టను. విమలమ్మ గారు మాత్రం వచ్చారు, మచ్చలు చూపించి తిట్టి మరీ దిగారు. "జెర వాసనుంటే ఉండనియ్ తియ్. ఇగ నూనె సుత రాసుకోను" అన్నారు. తొట్టిని రుద్ది కడిగి, గొట్టాలు శుభ్రం చేసి, కొత్త నీళ్లు నింపాం. ఓజోన్ పెట్టె తిరుగుతోంది. దానివల్ల క్లోరిన్ కొద్దిగా వేస్తే చాలుతోంది. కానీ ఆ కాస్త మాత్రం ఎప్పుడూ ఉంటోంది. రోజూ పొద్దునా సాయంత్రం క్లోరిన్ ఎంతుందో తెలిపే రంగుకాగితం ముంచి చూసుకుంటున్నాను.

అమ్మ ఇదంతా కుర్చీలోంచి చూస్తూనే ఉంది. మొన్న తనే అంది. "కాలవ నీళ్లు పారతాయి గనుక వాటికి మందు అక్కర్లేదు. నీవి నిలవ నీళ్లు. వెయ్యవలసింది వెయ్యి, నేను మునుగుతాను." పాస్టరు గారితో మాట్లాడి వచ్చే నెల మొదటి శనివారం పెట్టుకున్నాం. ఆ రోజుకు నీళ్లు గోరువెచ్చగానే ఉంచుతాను.

ఇప్పుడు నాకు రాయడానికి కష్టంగా ఉన్నది రాస్తాను. రెండు నెలలుగా అమ్మ నా ఇంట్లో ఉంది. నేను అడిగింది అదే. నేను తెల్లవారుజామున లేచి వంత పాడుతున్నాను. అమ్మ రెండో చరణం ఎత్తుకుని ఆగిపోతుంది. "కాంతమణి ఇక్కడ గొంతు తగ్గిస్తుంది" అంటుంది. నేను తగ్గిస్తే, అలా కాదంటుంది. కూరలో ఉప్పు తగ్గించానని కనిపెట్టేసింది. పోస్టుమాను సైకిలు చప్పుడు వినగానే తల ఎత్తుతుంది. నీ ఉత్తరమేమో అని అడగదు, ఎవరిదని మాత్రం అడుగుతుంది. నాకు అసూయగా ఉంది, వదినా. నలభై దాటిన మనిషిని, సిగ్గులేకుండా అసూయగా ఉంది.

నిన్న తెల్లచీర చూపించాను. చేత్తో తడిమి, బాగుందని, పక్కన పెట్టింది. "నీళ్లలోకి దిగేటప్పుడు నువ్వు చెయ్యి పట్టుకో. లేచాక తువ్వాలు కప్పేది కాంతమణి. అది రాకపోతే నేను దిగను" అంది. మరి మాట తప్పిన మనిషి ఇంటికి పోనన్నావు కదా అని అడిగాను, అడక్కుండా ఉండలేక. "పోనన్నాను. దాన్ని రావద్దన్నానా?" అంది. మళ్లీ తనే, "దాని చేత ఆ ప్రమాణం చేయించింది నేనే కదా" అని అటు తిరిగి పడుకుంది.

పాస్టరు గారు అమ్మను నీళ్లలోంచి లేపినప్పుడు అమ్మ కళ్లు నిన్ను వెతుకుతాయి. అప్పుడు నువ్వు ఇక్కడ ఉండాలి. తర్వాత అమ్మను తీసుకువెళ్తావో, అమ్మే నీ వెంట వస్తానంటుందో, నేను అడ్డం రాను. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతాను.

రైలు దొరక్కపోతే బస్సులోనైనా బయలుదేరు. నీళ్లు నేను చూసుకుంటాను.

డోరా